రెండు లిపులు, ఒక లైబ్రరీ

మన సంచికలో ఒక వైపు నుండి తెలుగు, మరొక వైపు నుండి ఉర్దూ సాగుతాయి. కాగితంపై ఇట్లు ఎదురెదురుగా నడిచే ఈ లిపులు రెండూ కంప్యూటరులో మాత్రం చాలాచోట్ల ఒకే ద్వారం గుండా వస్తున్నవి. దాని పేరు హార్ఫ్‌బజ్. ఫారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది. ఇది ఓపెన్ సోర్స్ లైబ్రరీ. "స్త్రీ" అని టైపు చేస్తే యంత్రం దాచుకొనేది ఆరు సంకేతాలను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఒక్క అక్షరంగా కూర్చేదీ, ఉర్దూ "బే" పదం మొదట, నడుమ, చివర ధరించే రూపాలను ఎంచేదీ ఈ లైబ్రరీయే. లిబ్రే ఆఫీసు 2017లో వెలువడిన 5.3 కూర్పు నుండి విండోస్, మాక్, లినక్స్ మూడింటిపైనా దీనినే ఆశ్రయించింది.

ఇటువంటి సాధనాన్ని సోర్స్ నుండి స్వయంగా నిర్మించడానికి మన విద్యార్థులు వెనుకాడుతున్నారు. కారణం లింకింగు దోషాలు. కంపైలరు అంతా అంగీకరించిన తరువాత "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అనే సందేశాలు పుంఖానుపుంఖాలుగా వచ్చిపడతాయి. అప్పుడు ఎక్కడో దొరికిన ఆదేశాన్ని అర్థం కాకుండానే అతికించడం, మరొక యంత్రంలోని లైబ్రరీ ఫైలును ఎత్తుకొచ్చి వేయడం పరిపాటి అయింది. ఇది రోగమెరుగని వైద్యం.

దోషం ఏ దశలో పుట్టిందో ముందు చూడాలి. హెడరు ఫైలు కనబడలేదంటే అది కంపైలరు మాట. డెబియన్, ఉబుంటులలో లైబ్రరీ వేరు, దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేరు. "లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్" స్థాపిస్తే సాధారణంగా సరిపోతుంది. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" లింకరు మాట: పిలుపు ఉన్నది, పలికేవాడు లేడు. లైబ్రరీ పేరు ఆదేశంలో లేకపోవచ్చు, లేదా చోటు తప్పి ముందే వచ్చి ఉండవచ్చు. లింకరు ఎడమ నుండి కుడికి చదువుతుంది (ఉర్దూ విభాగపు మిత్రులు మన్నించాలి!) కనుక పిలిచే ఫైలు ముందు, బదులిచ్చే లైబ్రరీ తరువాత నిలవాలి. ఈ పేర్లను ఊహించి వ్రాయడం కంటె ప్యాకేజ్-కాన్ఫిగ్‌ను అడగడం మేలు. అంతా కుదిరి, నడిపేటప్పుడు మాత్రమే లైబ్రరీ దొరకలేదంటే అది లోడరు మాట. మనం సోర్స్ నుండి నిర్మించినవి సాధారణంగా "యూఎస్ఆర్ లోకల్" క్రింద చేరతాయి. ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే గాని లోడరుకు వాటి జాడ తెలియకపోవచ్చు. పాత కూర్పు, కొత్త కూర్పు ఒకే యంత్రంలో ఉన్నప్పుడు వచ్చే చిక్కు అన్నిటికంటె మాయలమారిది. నిర్మించింది ఒకదానితో, నడిచేది వేరొకదానితో! ఎల్‌డీడీ చూపే మార్గాన్ని బట్టి దానిని పట్టుకోవాలి.

తెలుగు అధ్యాపకునికి ఈ ప్రస్తావన ఎందుకని అడగవచ్చు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక సంకేతాల వరుస ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లను కుప్పకూల్చింది. లోపం ఆపిల్ సంస్థ సాఫ్ట్‌వేరులో ఉన్నది. దాని సోర్స్ మూసి ఉన్నందువల్ల తెలుగు ఎరిగినవారెవ్వరూ తెరచి దిద్దలేకపోయారు, 11.2.6 కూర్పు వచ్చేవరకు వేచి ఉండవలసి వచ్చింది. హార్ఫ్‌బజ్‌ను దిద్దే హక్కు ఎవరికైనా ఉన్నది. కాని దిద్దినదాన్ని లింకు చేసి పరీక్షించలేనివారికి ఆ హక్కు కాగితంపైనే మిగిలిపోతుంది.

అందుచేత కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. నెల్లూరు తీరంలోని మన కళాశాలకు దీనివల్ల సాఫ్ట్‌వేరు ఖర్చేమీ లేదు. ప్రయోగశాలలో ఒక కంప్యూటరును, విద్యార్థులు పాడుచేసినా పరవాలేదన్న అనుమతితో, నిర్వాహక అధికారంతో సహా కేటాయించండి. తెలుగు, ఉర్దూ విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి హార్ఫ్‌బజ్‌ను సోర్స్ నుండి నిర్మింపజేద్దాం. వారానికి రెండు గంటలు చాలు.