అడ్వాన్సు అప్పు కాదట!

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని, బీఎన్ రెడ్డి నగర్ దాటి తుర్కయంజాల్ దాకా పోతే దారి పొడవునా ఫ్లెక్సీలే. గజం ఎంత, ఔటర్ ఎంత దగ్గర, ఆదిబట్ల టీసీఎస్‌కు ఎన్ని నిమిషాలు. ఆఫీసులోకి అడుగుపెట్టి కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఇంకో మాట చెవిన పడుతుంది: “మా కంపెనీకి బ్యాంకులో రూపాయి అప్పు లేదు సార్.” కొనేవాళ్ల భయం దాంతో సగం పోతుంది. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను, చాలామంది మనస్ఫూర్తిగానే చెబుతారు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న అడ్వాన్సు అమ్మకపు సొమ్మేననీ, ఖాతాలో పడిన రోజు నుంచీ అది తమదేననీ వాళ్ల నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడాది ఫీజు ముందే కట్టించుకునే కోచింగ్ సెంటర్లదీ, పెళ్లికి ఆరు నెలల ముందే బుకింగ్ సొమ్ము తీసుకునే ఫంక్షన్ హాళ్లదీ అదే నమ్మకం. తప్పు నమ్మకం. అడ్వాన్సు అప్పే, పైగా అప్పులన్నిట్లోకీ మొండిది.

ముందు బ్యాంకు సంగతి. ప్రైవేటు బిల్డరు భూమి కొనడానికి బ్యాంకులు అప్పివ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఏళ్ల తరబడి ఉంది. ప్లాట్ల వ్యాపారంలో పెట్టుబడి ముప్పాతిక మువ్వీసం భూమే. అలాంటప్పుడు బ్యాంకు అప్పు లేకపోవడంలో గొప్పేముంది? ఇచ్చేవాడు లేక లేదు. మరి రైతుకిచ్చిన బయానా ఎక్కడిది? మొరం రోడ్లకు, కడీలకు, కమాన్‌కు, ఏజెంట్ల కమీషన్‌కు డబ్బెక్కడిది? కొంత సొంతం, కొంత మిత్తికి తెచ్చింది, మిగతాదంతా కొన్నవాళ్లది. బ్యాంకు ఇవ్వకూడని అప్పును జనం ఇస్తున్నారు, తాకట్టు లేకుండా, మిత్తి అడక్కుండా.

దీనికి వాళ్ల దగ్గర ఒక జవాబుంది. అడ్వాన్సుకు వడ్డీ లేదు, కిస్తీ లేదు, డబ్బు వెనక్కివ్వక్కర్లేదు, ప్లాటు రిజిస్టర్ చేసిస్తే తీరిపోతుంది, ఇక అప్పెలా అవుతుందంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ డబ్బుగా తీర్చే అప్పు ఎంతో మొదటి రోజే తెలుస్తుంది, సరుకుగా తీర్చేది ఎంతవుతుందో తీరేదాకా తెలియదు. కొన్నవాడి ధర అగ్రిమెంటు నాడే ఖాయమైపోయింది. ఆ తర్వాత రైతు రేటు పెంచినా, ఆయన పాలివాళ్లు కోర్టుకెక్కినా, మొరం ధర పెరిగినా, రోడ్డు ఇంకా వెడల్పుగా వేయమని హెచ్ఎండీఏ అన్నా ఆ భారమంతా అడ్వాన్సు తీసుకున్నవాడి నెత్తినే. పరిమితి రాయని అప్పు అది. “ఏడాదికి మేమే తిరిగి కొంటాం” అని బై బ్యాక్ కాగితం కూడా రాసిచ్చినవాళ్లయితే ఇక వాదించే పనే లేదు, అది వడ్డీతో సహా గడువు రాసిన అప్పు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నావి, పద్ధతి ఈ రోడ్డు మీద అందరికీ తెలిసిందే. ఒక వెంచరులో కొన్నవాళ్ల నుంచి 12 కోట్లు వచ్చాయి. 5 కోట్లు ఈ భూమి రైతులకు బయానా, 4 కోట్లు యాచారం వైపు ఇంకో వెంచరుకు బయానా, 2 కోట్లు రోడ్లకు, ఒక కోటి కమీషన్లకూ ప్రచారానికీ. ఖాతాలో సున్నా. యజమాని మనసులో ఉన్న చిత్రం: 12 కోట్ల అమ్మకం, రెండు వెంచర్లు, అప్పు లేదు. ఆస్తి అప్పుల పట్టీ సరిగ్గా రాస్తే మాత్రం ఒకవైపు కొన్నవాళ్లకు 12 కోట్ల బాకీ. రెండోవైపు ఇంకా రిజిస్టర్ కాని భూముల మీద 9 కోట్ల బయానాలు, తన పేరున లేని నేల మీద వేసిన 2 కోట్ల రోడ్లు. కోటి ఖర్చైపోయింది. ఆరు నెలల్లో రైతులకు ఇంకో 7 కోట్లు కట్టాలనుకోండి, అది పట్టీలో కూడా కనిపించదు. భూమి చేతికొచ్చేదాకా దాని చోటు అడుగున ఉండే నోట్సులోనే, అది కూడా రాస్తేనే. ఆ 7 కోట్లు ఎక్కడ నుంచి రావాలి? రేపు వచ్చే కొత్త కొనుగోలుదారుల నుంచే. అంటే అమ్మకాలు ఒక్క సీజను మందగిస్తే చాలు.

చట్టం ఈ సంగతిని వ్యాపారుల కంటే ముందే గ్రహించింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, ఆ ప్రాజెక్టు భూమికీ పనులకూ మాత్రమే వాడాలి. పై లెక్కలో 70 శాతమంటే 8.4 కోట్లు. బయట వాడుకోదగ్గది 3.6 కోట్లే. యాచారం బయానా, కమీషన్లు కలిపితే 5 కోట్లు! ‘మా డబ్బు మేం తిప్పుకున్నాం’ అనుకునే చోటే చట్టాన్ని దాటేశారు.

అంతటితో ఆగలేదు. 2018 జూన్ 6న తెచ్చిన ఆర్డినెన్సు దివాలా చట్టంలో ఇళ్లూ ప్లాట్లూ కొన్నవాళ్లను బ్యాంకులతో పాటు ఫైనాన్షియల్ క్రెడిటర్ల వరసలో కూర్చోబెట్టింది. బిల్డర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పయనీర్ అర్బన్ కేసులో 2019 ఆగస్టు 9న కోర్టు ఆ సవరణను సమర్థించింది. కొన్నవాళ్లు కట్టిన సొమ్ము అప్పేనని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తేల్చాక కూడా అప్పు కాదని ఆఫీసుల్లో చెప్పుకోవడం ఎంత ధైర్యమో! 2022 డిసెంబరులో, అమీన్‌పూర్ ప్రీలాంచ్‌లో డబ్బు కట్టినవాళ్ల ఫిర్యాదుల మీద సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అధినేతను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. నేరం సంగతి కోర్టులు తేలుస్తాయి. ఇల్లు కొన్నామనుకున్నవాళ్లు బాకీదార్ల వెంట తిరిగే అప్పులవాళ్లయ్యారన్నది మాత్రం అప్పుడే తేలిపోయింది.

అప్పని ఒప్పుకున్నాక కూడా మనవాళ్లు చేసే రెండో తప్పు తేదీ చూడకపోవడం. ‘లాంగ్ టర్మ్ లోన్’ అని పేరుంటే చాలు, దాన్ని మర్చిపోవచ్చనుకుంటారు. కంపెనీల చట్టం మూడో షెడ్యూలు పేరు చూడదు. పన్నెండు నెలల్లోపు కట్టాల్సిందా, లేక పన్నెండు నెలలు ఆపే హక్కు నీకుందా అని చూస్తుంది. పదేళ్ల టర్మ్ లోన్‌లో రాబోయే ఏడాది కిస్తీల అసలు ప్రస్తుత అప్పుల్లోకి రావాలి. సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా ఏళ్ల తరబడి నడుస్తున్నా బ్యాంకు అడిగిన రోజు కట్టాల్సిందే కనుక అదీ అక్కడే. అన్నిటికన్నా ప్రమాదం ప్రామిసరీ నోటు. బావమరిది దగ్గర రెండు రూపాయల మిత్తికి తెచ్చి, మూడేళ్లు నిండకముందే నోటు వెనక చెల్లు రాయించి, మళ్లీ మూడేళ్లు... పదేళ్లుగా ఉంది కాబట్టి దీర్ఘకాలిక అప్పంటాడు వ్యాపారి. నోటులో ఉన్నది ‘మీరు కోరినప్పుడు’ అని. ఆ ఇంట్లో పెళ్లి కుదిరితే రేపే కోరతాడు.

షెడ్యూలులోనూ ఒక సందుంది, చెప్పకపోతే నా వాదన ఏకపక్షమవుతుంది. పన్నెండు నెలల బదులు ‘ఆపరేటింగ్ సైకిల్’ను కొలతగా తీసుకోవచ్చు. రియల్ ఎస్టేట్‌లో అది మూడు నాలుగేళ్లంటారు. దాంతో నాలుగేళ్లకు అమ్ముడయ్యే ప్లాటు కూడా ప్రస్తుత ఆస్తి అయిపోతుంది, వచ్చే నెల కట్టాల్సిన బాకీ పక్కన దర్జాగా కూర్చుంటుంది. ప్రస్తుత ఆస్తులను ప్రస్తుత అప్పులతో పోల్చే కరెంట్ రేషియో కళకళలాడుతుంది. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు, కానీ ఆ రేషియో చూసి ధైర్యపడడం మాత్రం తప్పే. పైగా మూడో షెడ్యూలు కంపెనీలకే. భాగస్వామ్య సంస్థ అయితే అదీ లేదు, ఇన్‌కంటాక్స్ కోసం రాసిన పట్టీలో ‘అడ్వాన్సులు’ అని ఒక్క లైను ఉంటుంది.

అప్పుల వైపు చూడని అలవాటు చిన్నవాళ్లది మాత్రమే కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో అందరికీ గుర్తున్నది లేని నగదు, 5,040 కోట్లు. అదే ఉత్తరంలో లెక్కల్లో చూపని అప్పు 1,230 కోట్లన్న మాట కూడా ఉంది. దాన్ని తలుచుకునేవాళ్లు అరుదు. చైనా ప్రభుత్వం 2020లో బిల్డర్ల అప్పుకు మూడు ఎర్రగీతలు గీసింది. మొదటి గీత ఆస్తుల్లో అప్పులు 70 శాతం దాటకూడదని, కానీ కొన్నవాళ్ల అడ్వాన్సులు తీసేసి లెక్కకట్టమని! సాగర్ రోడ్డు సిద్ధాంతాన్ని ఒక దేశమే నమ్మినట్లయింది. 2022లో అక్కడ సగం కట్టి ఆగిపోయిన ఇళ్లవాళ్లు హోమ్ లోన్ కిస్తీలు కట్టేది లేదని మొండికేశారు, 2024 జనవరిలో చైనా బిల్డరు ఎవర్‌గ్రాండ్‌ను మూసేసి ఆస్తులు అమ్మి బాకీలు తీర్చమని హాంకాంగ్ కోర్టు ఆదేశించింది.

కనుక వెంచరు ఆఫీసులో అడగాల్సింది రెండే. వచ్చే పన్నెండు నెలల్లో ఎంతమందికి రిజిస్టర్ చేసివ్వాలి? అందులో ఎన్ని గజాలు ఇవాళ కంపెనీ పేరున ఉన్నాయి? రెండోదానికి జవాబు సర్వే నంబరు పెట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే దొరుకుతుంది. మొదటిది ఆ ఆఫీసు పుస్తకాల్లోనే ఉండాలి, ఎవరైనా రాసి ఉంటే.