సింగరేణియు యువజనమును

నస్పూరులో సి.సి.సి. అని యొక కూడలి కలదు. బొగ్గు నుండి రసాయనములను తీయుటకై వెలసిన కర్మాగారము పేరది. కర్మాగారము మూతవడి చాలకాలమైనది; పేరు మాత్రము జనుల నోట మిగిలినది. పని పోయి పేరు మిగులుట యెట్టిదో నస్పూరు ప్రజలకు వేఱుగ బోధింప నక్కఱలేదు. శ్రీరాంపూరు గనుల చుట్టు నల్లుకొని పెరిగిన యీ యూరు బొగ్గు వలననే నేటి రూపమును దాల్చినది. 2023లో జిల్లా కలెక్టరు కచేరి యిచ్చట వెలసినను, 2025లో ఈ యూరు మంచిర్యాల నగరపాలక సంస్థలో గలిసినను, ఇచ్చటి యిండ్లలో వినవచ్చు ప్రశ్న మాఱలేదు: “మన పిల్లవానికి కంపెనీలో పని దొరకునా?” ఈ ప్రశ్నను పెద్దలు యాచనగా వినుచున్నారు. ఇది యాచన కాదు. కంపెనీ తన మేలు కొఱకు తానే వేసికొనవలసిన ప్రశ్న. దీనిని నిరూపించుటయే మా యుద్దేశ్యము.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ యేర్పడెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన వశము చేసికొనెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతుల వాటా కలదు. అనగా ఈ కంపెనీకి ప్రజలే యజమానులు. లండనులోని వాటాదారు, గనిలోనికి దిగువాడెవడు, వాని వెనుక దిగవలసినవాడెవడు అని విచారింపలేదన్న నాశ్చర్యము లేదు. వానికి కావలసినది ఆ యేటి లాభము. ప్రజలు యజమానులైన సంస్థయు ఆ యేటి లెక్కనే చూచుకొని, రాబోవు ముప్పదియేండ్ల లెక్కను మఱచిన, యజమాని మాఱి ప్రయోజనమేమి?

లెక్కలు చూడుడు. 1990-91 నాటికి సింగరేణిలో 1,16,000 మంది పనిచేయుచుండిరి. నేడు ఆ సంఖ్య 40,000 ప్రాంతమునకు దిగినది. బొగ్గు మాత్రము నాటికి నేటికి దాదాపు నాలుగింతలై, 2023-24లో 7 కోట్ల టన్నులను దాటినది. మాకు యంత్రద్వేషము లేదు. తట్టా చెమ్మసులతో టబ్బులు నింపి నడుములు విరుగగొట్టుకొన్న తరము మరల రావలయునని కోరువాడు కార్మికునకు మిత్రుడు కాడు. కాని యంత్రము తనంతట తాను నడువదు. దానిని నేర్చినవాడు కావలయును, చెడినప్పుడు బాగుచేయువాడు కావలయును. నిన్నటి గనికి లక్ష చేతులు కావలసియుండెను. నేటి గనికి అంతకంటె తక్కువ చేతులును, అంతకంటె నెక్కువ చదువును కావలయును. ఆ చదువు మన యువకుల యొద్దనే యున్నది. “ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి” యన్న మాట యూరక పుట్టలేదు.

ఇట్టి యువకుని కంపెనీ ఏ ద్వారమున లోనికి రానిచ్చుచున్నది? 2016 చివర వారసత్వ ఉద్యోగముల పథకమును ప్రకటించిరి. 2017 మార్చిలో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. సుప్రీం న్యాయస్థానమునందును కంపెనీకి ఊఱట దొరకలేదు. 2018 నుండి కారుణ్య నియామకముల మార్గము తెఱచిరి. గనిలో మరణించిన వాని బిడ్డకు పని యిచ్చుట ధర్మము. అందు వివాదము లేదు. కాని తండ్రి బ్రదికియుండగా ఏమి జరుగవలెను? కొత్తగూడెములోని వైద్యమండలి యెదుట ఆయన నిలువవలెను. ఇతడు పనికి అశక్తుడని వైద్యులు వ్రాసియిచ్చిననే గాని కొడుకునకు పని లేదు. ముప్పదియేండ్లు బొగ్గు మోసిన మనుష్యుడు తన దేహము చెడినదని చెప్పించుకొనుటకై ప్రార్థింపవలెనట! తండ్రి యారోగ్యమే కొడుకునకు అడ్డమగునట్టి యేర్పాటు ఏ ధర్మశాస్త్రమందున్నది? ఇట్టి ద్వారము వద్ద దళారి పుట్టుట సహజము, పుట్టకుండుట విచిత్రము.

అంతటితో నాగలేదు. 2021లో పదవీ విరమణ వయస్సును 60 నుండి 61కి పెంచిరి. 2024లో కారుణ్య నియామకములకు వయోపరిమితిని 35 నుండి 40 ఏండ్లకు పెంచిరి. కాచుకొని కాచుకొని వయస్సు మీఱిన వారికి ఇది ఉపకారమే, కాదనము. కాని యువకుడు నలుబదియేండ్లు వచ్చువఱకు గుమ్మము వద్ద నిలువవలసి వచ్చినదన్న సత్యమును ఆ యుపకారమే చాటుచున్నది. ఇరువది రెండవయేట రావలసినవాడు నలుబదవయేట వచ్చిన, పదునెనిమిదియేండ్ల సేవను పోగొట్టుకొన్నది వాడొక్కడే కాదు, కంపెనీయు పోగొట్టుకొన్నది.

యువకుని వలన గనికి గల లాభమేమని యడుగువారికి గనిలోనే సమాధానమున్నది. పై కప్పును కఱ్ఱతో తట్టి, దాని చప్పుడును బట్టి రాయి గట్టిదో గుల్లయో చెప్పగల పెద్దలు నేటికిని భూగర్భమున నున్నారు. ఈ విద్య పుస్తకమున దొరకదు. పెద్దవాని ప్రక్కన చిన్నవాడు నిలిచి, నెలల తరబడి విన్ననే యబ్బును. 2021 నవంబరులో శ్రీరాంపూరు ఏరియాలోని ఎస్ఆర్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. కూలెడి రాయి వయస్సు నడుగదు. పెద్దవాని చెవియు, చిన్నవాని కాలి వేగమును, క్రొత్త పరికరమును చదువగల వాని కన్నును ఒక్కచోట జేరిననే గనికి రక్ష. పెద్దలందఱు వెడలిపోయిన పిమ్మట చిన్నవారిని పిలుచుట, ఇల్లు కాలుచుండ బావి త్రవ్వుట వంటిది. జైపూరులో 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రము సింగరేణిదే. సౌరవిద్యుత్తును కంపెనీయే పుట్టించుచున్నది. బొగ్గు తఱిగిన నాడు ఈ క్రొత్త పనులే సంస్థను నిలుపవలెను. వానికి మనుష్యులు ఎచ్చటనుండి వత్తురు?

ప్రతిపక్షము వారి వాదములును విందము. “క్రొత్తవారు మస్టర్లు ఎగవేయుదురు, కష్టమునకు ఓర్వరు” అని కొందఱు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఎగవేతను మేము సమర్థింపము. కాని ఇంజనీరింగు పట్టము పొందినవానిని బదిలీ కార్మికునిగా దింపి, వాని చదువునకు సంబంధములేని పనిలో నిలిపి, ఏటికి భూగర్భమున 190, ఉపరితలమున 240 మస్టర్లు నిండిననే స్థిరపఱతుమని చెప్పి, ఉత్సాహము లేదని నిందించుట న్యాయమా? కత్తితో కట్టెలు కొట్టించి, పదును పోయినదని కత్తిని తిట్టుట యిది.

“ఉద్యోగము పిత్రార్జితము కాదు, ఇతరుల బిడ్డల మాటేమి?” అని మఱికొందఱు. ఈ వాదము గౌరవింపదగినది. న్యాయస్థానము చెప్పినదియు నదియే. మేమును వంశహక్కును కోరుట లేదు. కూలివాని కొడుకును, రైతు కొడుకును, గనుల కొఱకు భూమి నిచ్చినవాని కొడుకును సమానముగ పోటీపడు తలుపును తెఱువుడని కోరుచున్నాము. కుమార్తెలను సైతము మఱువరాదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమునకు దూరముంచెను. 2019లో కేంద్ర ప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగములకు షరతులతో ఆ యడ్డు తొలగించెను. చట్టము తెఱచిన తలుపును అలవాటు మూయరాదు.

ఇక అన్నిటికంటె మించిన విడ్డూరము. యువకులు అక్కఱలేదన్న గనులలోనే వేలకొలది యువకులు పనిచేయుచున్నారు. కంపెనీ మనుష్యులుగా గాక, కాంట్రాక్టరు మనుష్యులుగా. ఉపరితల గనులలో మట్టి తీయుచున్నది కాంట్రాక్టరుల యంత్రములు. వానిని నడుపువారు మన పిల్లలు. 2013లో కోల్ ఇండియా గనులలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనములు నిర్ణయమైనవి. అవి తమకును కావలెనని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగవలసివచ్చెను. కావున కంపెనీకి యువకుని బలము కావలెను. యువకుడు మాత్రము వద్దు! వాని చెమట లెక్కలోనికి వచ్చును. వాని పేరు మస్టరులోనికి రాదు. అప్రెంటీసుల కథయు నిట్టిదే. 1961 నాటి చట్టము ప్రకారము పని నేర్పుదురు. నేర్చినవానికి పని యిచ్చితీరవలెనన్న నియమము చట్టమున లేదు. కావున నేర్పినవాని నింటికి పంపి, నేర్వనివాని కొఱకు వెదకుచుందురు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదన్న సామెతకు ఇంతకంటె నిదర్శనము కలదా?

మా కోరికలు నాలుగు. ఏటేట విరమించువారి సంఖ్యను ముందుగనే లెక్కించి, వారు వెడలుటకు రెండేండ్ల ముందే యువకులను చేర్చి ప్రక్కన నిలుపవలెను. చదివిన చదువునకు తగిన పని నీయవలెను. శిక్షణ ముగించిన అప్రెంటీసులకు ఖాళీలలో మొదటి యవకాశ మీయవలెను. కాంట్రాక్టు కార్మికుడు శాశ్వతముగ సాగు పనిని చేయుచుండిన, వానికి శాశ్వతమగు స్థానమునకు దారి చూపవలెను. ఇందు దానమేదియు లేదు. వ్యవసాయదారుడు ధాన్యమంతయు అమ్ముకొనడు. విత్తనములకు కొంత దాచును. ఆ మాత్రపు తెలివి సింగరేణికి కావలెను.

2011లో సకలజనుల సమ్మెనాడు ఈ గనులు ముప్పది దినములకు పైగా నిలిచిపోయెను. నాడు కార్మికులు కూలి డబ్బులను వదలుకొన్నది తమ బిడ్డలకు పని దొరకునన్న యాశతో. రాష్ట్రము వచ్చినది; బిడ్డలు పెరిగిరి. వారిలో ననేకులు నేటికిని సి.సి.సి. కూడలిలో బస్సు కొఱకు నిలిచి, హైదరాబాదు దారి చూచుచున్నారు. పోయిన కర్మాగారము పేరు కూడలికి మిగిలినట్లు, రేపు సింగరేణి పేరు మాత్రమే ఈ నేలకు మిగులవలెనా, మనుష్యులును మిగులవలెనా యన్నది నేటి పాలకులు నిర్ణయింపవలసిన విషయము. ఆలస్యమునకు ఇక తావు లేదు.