తాళం ఎవరి పెట్టెకు?

పదిమంది వాడే కంప్యూటరులో అమరికలన్నీ నిర్వాహకుని గుప్పిట్లోనే ఉండాలన్న వాదన తరచు వింటుంటాను. భద్రత అన్న మాట దానికి కవచం. ఆ కవచం వెనుక దాగినది చాలాసార్లు బద్ధకమేనని నా అభియోగం.

విండోస్ ఎక్స్‌పీ రోజులను మనలో మరచినవారెవరు? తెలుగు ఉండవలసిన చోట డబ్బాలు కనిపించేవి. ప్రాంతీయ, భాషా ఎంపికలలో ఒక గడిలో టిక్కు పెట్టి, స్థాపక సీడీ అందిస్తే చాలు, అక్షరాలు తేరుకునేవి. ఆ టిక్కు పెట్టే హక్కు మాత్రం నిర్వాహకునిదే. నేను వెళ్ళే నెట్ కేంద్రంలోని కుర్రవాణ్ణి అడిగితే, "సెట్టింగులు ముట్టుకోవద్దని ఓనరుగారు చెప్పారండీ" అన్నాడు. గంటకింతని డబ్బు కట్టి, డబ్బాలు చూసి ఇంటికి వచ్చాను.

దోషం యంత్రానిది కాదు. యునిక్స్ సంప్రదాయంలో అందరికీ వర్తించే అమరికలు ఈటీసీ అనే సంచయంలో, ఎవరి సొంతవి వారి హోమ్ సంచయంలో ఉంటాయి. లాగిన్ వేళ షెల్ ముందు ఈటీసీలోని ప్రొఫైల్‌ను, తరువాత వాడుకరి ప్రొఫైల్‌ను చదువుతుంది. అంటే చివరిమాట వాడుకరిది. విండోస్ రిజిస్ట్రీలోనూ యంత్రానికొక శాఖ, వాడుకరికొక శాఖ ఉన్నాయి. 2018 నుండి విండోస్ 10లో నిర్వాహక హక్కు లేకుండానే ఎవరి ఖాతా వరకు వారు ఖతులను స్థాపించుకునే వీలు కూడా వచ్చింది.

అప్రమేయం వేరు, తాళం వేరు. గ్నోమ్ వాడే డీకాన్ఫ్‌లో ఇవి స్పష్టంగా రెండు పనులు. నిర్వాహకుడు ఒక విలువను అప్రమేయంగా ఇవ్వవచ్చు. దానికి తాళం కూడా వేస్తేనే వాడుకరి మార్చుకోలేడు. విందులో అందరికీ ఒకే విస్తరి వేయడం మర్యాద. ఏది ముందు తినాలో శాసించడం మర్యాద కాదు.

"ఒకడు మార్చింది ఇంకొకడికి ఇబ్బంది కాదా?" అంటారు. అందరినీ ఒకే ఖాతాలో కుక్కితే అవుతుంది. ఎవరి ఖాతా వారికిస్తే కాదు. ఖాతాలివ్వడం కుదరని చోట, మనిషి లేచి వెళ్ళగానే ఆ మార్పులు తుడిచిపెట్టుకుపోయే అతిథి ఖాతా పెట్టవచ్చు. ఈ మాత్రం శ్రమకు ఓర్వలేనివారే భద్రత పేరు ఎత్తుకుంటారు.

తాళాలే వద్దని నేననను. సుడో హక్కులు, ఫైర్‌వాల్, భద్రతా నవీకరణలు, ఇతరుల దస్త్రాలు, వీటికి తాళం వేయవలసిందే. అక్కడ ఒకరి పొరపాటు అందరినీ ముంచుతుంది. కాని నేను చదివే భాష, నా తెరమీది అక్షరం పరిమాణం, నా కీబోర్డు అమరిక ఎవరిని ముంచుతాయి? చూపు మందగించిన పెద్దాయన అక్షరాన్ని పెద్దది చేసుకోబోతే అనుమతి లేదని చెప్పే యంత్రం ఎవరిని కాపాడుతున్నట్టు?

మీలో నిర్వాహకులెవరైనా ఉంటే ఒక పని చేయండి. మీరు వేసిన తాళాల పట్టిక తీయండి. ప్రతిదాని ఎదుట, "ఇది తీస్తే పక్కవాడికి ఏమి నష్టం?" అన్న ప్రశ్నకు జవాబు వ్రాయండి. జవాబు దొరకని తాళాలన్నీ ఆ రోజే తీసివేయండి.