'తెలియదు' అన్న మనిషి

క్లాసులో సారు ప్రశ్న వేస్తే 'తెలియదండీ' అనడానికి మాకు నోరు రాదు. అన్నామా, 'హాస్టలు వాళ్లంతే' అన్న మాట వెనక బెంచీ నుంచి వినపడుతుంది. అందుకే అర్థం కాకపోయినా తలూపేస్తాం. అలాంటి మాకు టి.హెచ్. హక్స్‌లీ గురించి చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది.

ఆయన 1825లో లండన్ దగ్గర ఈలింగ్‌లో పుట్టాడు. తండ్రి లెక్కల పంతులే అయినా కొడుకు బడిలో కూర్చున్నది రెండేళ్లు. మిగతాదంతా సొంత చదువు. స్కాలర్‌షిప్ మీద వైద్యం చదివాడు (స్కాలర్‌షిప్ విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు). 1846లో ఓడ వైద్యుడికి సహాయకుడిగా ఆస్ట్రేలియా వైపు వెళ్లి, సముద్ర జీవుల మీద పరిశోధన చేసి, 26 ఏళ్లకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

1869లో 'అగ్నాస్టిక్' అనే మాటను పుట్టించింది ఆయనే. మన పుస్తకాల్లో అజ్ఞేయవాది అంటారు. నాస్తికుడికి ఇంకో మెత్తని పేరేమో అని మేమూ అనుకున్నాం. కాదు. రుజువు లేనిదాన్ని 'నాకు తెలుసు' అనకూడదు, అంతే ఆయన వాదం. దేవుడు ఉన్నాడనేవారికీ లేడనేవారికీ ఒకటే షరతు.

చెప్పడం తేలికే. 1860లో నాలుగేళ్లు నిండని కొడుకు జ్వరంతో చనిపోయాడు. పరలోకం మీద నమ్మకం ఉంచుకోమని ఫాదర్ అయిన స్నేహితుడు కింగ్‌స్లీ ఓదార్చాడు. హక్స్‌లీ పెద్ద ఉత్తరం రాశాడు. ఆత్మ అమరమని అనను, కాదనీ అనను, కావాలనిపించినంత మాత్రాన అది నిజమైపోదు అని దాని సారాంశం. బిడ్డ పోయిన దుఃఖంలో కూడా అబద్ధపు ఊరట పుచ్చుకోలేదు. మేమైతే పుచ్చుకునేవాళ్లం.

అయితే ఈ పెద్దమనిషే 1865లో బానిసత్వం పోవాలని రాస్తూ, నల్లవాళ్లు తెలివిలో తెల్లవాళ్లతో సమానం కాలేరని కూడా రాశాడు. ఇది చదివి మాలో కొందరు పుస్తకం మూసేశారు. వాళ్లను తప్పు పట్టలేం. పుట్టుకను బట్టి బుద్ధిని కొలిచే తీర్పులు మన తాతల మీద తక్కువ పడలేదు. కానీ మా అభిప్రాయం ఒకటుంది. ఆ తీర్పుకు రుజువేదీ అని అడగడానికి పనికొచ్చేది మళ్లీ ఆయన షరతే. దాన్ని ఆయన మీదే ప్రయోగించాలి. అక్కడ ఆయన 'తెలియదు' అనాల్సింది, అనలేదు.

1868లో నార్విచ్ కార్మికులకు ఆయన ఒక సుద్దముక్క పట్టుకుని ఉపన్యాసం ఇచ్చాడు. సుద్ద అంటే సముద్రం అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల గుల్లలని చెప్పాడు. మన బోర్డు మీద రాసేది కూడా అదేనా అని సైన్సు సారుని అడిగాం. 'నాకు తెలియదు, చూద్దాం రండి' అని ల్యాబ్‌కు తీసుకెళ్లి, ముక్క మీద ఆమ్లం చుక్క వేశారు. గుల్లల సుద్దయితే నురగ రావాలట. రాలేదు.