రసాయన సమీకరణము – మన బాధ్యత

రసాయన సమీకరణాలను తుల్యము చేయుట అనగానే మన విద్యార్థులలో పలువురికి పరీక్షలోని రెండు మార్కుల ప్రశ్న మాత్రమే గుర్తుకు వస్తుంది. బాణపు గుర్తుకు ఇరువైపులా అంకెలు సరిపోతే చాలునన్నంత వరకే మన ఆలోచన. కాని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములో చదువుకొనే మనకు ఈ పాఠముతో అంతకంటె ఎక్కువ పని ఉన్నదని మా అభిప్రాయము.

ఉర్దూలో సమీకరణమును ‘ముసావాత్’ అంటారు. సమానత్వమునకు కూడ అదే మాట. తెలుగులో సమీకరణమనగా సమముగా చేయుట. తొమ్మిదవ శతాబ్దములో అల్ ఖ్వారిజ్మీ రచించిన గణిత గ్రంథము పేరులోని ‘అల్ జబ్ర్’ నుండి ఆల్జీబ్రా పుట్టినది. అదే పేరులోని ‘ముఖాబలా’ అన్న మాటలో ఇరువైపులను సరిచూచుట అన్న అర్థమున్నది. ఏ భాషలో చదివినా భావము ఒక్కటే: రెండు వైపులా లెక్క సరిపోవాలి.

ఎందుకు సరిపోవాలి? రసాయన చర్యలో పదార్థము క్రొత్తగా పుట్టదు, నశించదు. 1789లో వెలువడిన తన గ్రంథములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజియే ఈ సూత్రమును స్పష్టముగా చెప్పాడు. పరమాణువుల కూర్పు మాత్రమే మారుతుంది. రెండు హైడ్రోజన్ అణువులు ఒక ఆక్సిజన్ అణువుతో కలిస్తే రెండు నీటి అణువులు ఏర్పడతాయి. తొందరపాటుతో కొందరు ఈ గుణకాలను వదలి, నీటి సంకేతములో ఆక్సిజన్ క్రింద రెండు వేస్తారు. లెక్క సరిపోతుంది, కాని అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! లెక్క కుదరుట కోసము పదార్థమునే మార్చివేయుట తుల్యము చేయుట కాదు.

ఇక మన పరిసరాలను చూద్దాము. ఆమ్లము కలిసిన వ్యర్థ జలమును సున్నముతో తటస్థము చేస్తారు. 98 గ్రాముల గంధకామ్లమునకు 74 గ్రాముల తడిసున్నము కావాలి. ఫలితముగా 136 గ్రాముల కాల్షియం సల్ఫేటు, 36 గ్రాముల నీరు వస్తాయి. ఎడమన 172, కుడిన 172. ఆమ్లపు ఘాటు పోయినది గాని బరువులో ఒక్క గ్రాము కూడ పోలేదు. ఆ మడ్డిని ఎక్కడ వేయాలన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

పటాన్‌చెరు, బొల్లారము పరిశ్రమలు ఎన్నో కుటుంబాలకు జీవనాధారమైనాయి. మన సహాధ్యాయులలో పలువురి తండ్రులు, అన్నలు అక్కడే పని చేస్తున్నారు. ఆ మేలును మేము కాదనుట లేదు. అయితే మందుబిళ్ళ కుడివైపున ఏర్పడే ఒక పదార్థము మాత్రమే. మిగిలినవి ఎక్కడికి పోయాయో నక్కవాగును చూచినవారికి తెలుసు. ఆ కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము దాఖలైనది. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థ జలమును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదమున్నది. కర్మాగారపు జమాఖర్చులలో వ్రాయని పదార్థము వాగు లెక్కలో తేలినదన్నమాట.

అందుచేత కళాశాల కమిటీకి మా మనవి రెండు. మొదటిది: ఈ పాఠమును నల్లబల్లతో ముగించక, త్రాసుతో బోధింపజేయాలి. మూసిన కుప్పెలో సోడియం సల్ఫేటు, బేరియం క్లోరైడు ద్రావణాలను కలిపి ముందు, తరువాత తూచి చూపాలి. తెల్లని అవక్షేపము ఏర్పడినా బరువు మారదని విద్యార్థి తన కన్నులతో చూస్తాడు. రెండవది: సాంకేతిక పదాలను ఉర్దూ, తెలుగు భాషలలో ప్రక్క ప్రక్కన వ్రాసి ప్రయోగశాల గోడపై ఉంచాలి.

విద్యార్థి మిత్రులారా! రేపు మనలో కొందరము ఈ కర్మాగారాలలోనే కెమిస్టులము కావచ్చును. ఆనాడు మన చేతిలోని కాగితముపై సంతకము చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకొందాము: కుడివైపున అన్నీ వ్రాశామా? ఈ పాఠము నేర్పవలసిన సత్యసంధత అదే.