పాతవాళ్ళనే ఎందుకు లాక్కొస్తాం?

"అప్పటి అంజూ లక్రా ఇప్పటి టీములో నిలుస్తుందా అంకుల్?" భిలాయిలో మా సెక్టార్ కుర్రాళ్ళు బాస్కెట్‌బాల్ గురించి తరచూ తెచ్చే పేచీ ఇది. ఇప్పటి అమ్మాయి అప్పటి కోర్టులో నిలుస్తుందా అని మాత్రం ఒక్కడూ అడగడు. పోలిక పెట్టినప్పుడల్లా పాతవాళ్ళనే ఇక్కడికి లాక్కొస్తాం, కొత్తవాళ్ళని అక్కడికి పంపం. నా ఫిర్యాదల్లా అదే.

భిలాయికి ఉక్కు తర్వాత పేరు తెచ్చింది బాస్కెట్‌బాలే. 2018లో కన్నుమూసిన కోచ్ రాజేశ్ పటేల్ పంత్ స్టేడియంలో తీర్చిదిద్దిన ఆడపిల్లలు ఛత్తీస్‌గఢ్‌కి జాతీయ టైటిళ్ళు తెచ్చారు, తమకి రైల్వే ఉద్యోగాలు తెచ్చుకున్నారు. అంజూ లక్రా, సీమా సింగ్ అక్కడివాళ్ళే. 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి ఎంపికైన ఆకుల కవితా మా ఊరి పిల్లే. (ఇంటిపేరు చూసి మా తెలుగువాళ్ళు ఆమెకి నాలుగు మార్కులు ఎక్కువే వేస్తారు. నేనూ వేస్తాను.)

పేరుకే ఒకే ఆట. అంతర్జాతీయ నిబంధనల్లో 1984కి ముందు మూడు పాయింట్ల గీతే లేదు. 2000 దాకా బంతి దొరికాక షాట్ వెయ్యడానికి 30 సెకన్లు, ఆ తర్వాత 24. 2010లో గీత 6.25 మీటర్ల నుంచి 6.75కి జరిగింది. అర మీటరంటే మూరెడు పైచిలుకు. ఆ మూరెడు కోసం పిల్లలు మోకాళ్ళు ఇంకాస్త వంచి, మడమలు లేపి, బలమంతా మణికట్టులోకి తెచ్చుకోవాలి. పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది ఎంత తేడానో.

రగ్బీలో ఇంకా అన్యాయం. ట్రైకి, అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించినందుకు, 1971 దాకా 3 పాయింట్లు, తర్వాత 4, 1992 నుంచి 5. పాయింట్లు పక్కపక్కన పెట్టి లెక్కేస్తే పాతవాడు ఓడక ఏం చేస్తాడు? పైగా 1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్‌లో జీతాల్లేవు. న్యూజిలాండ్ రైతు కోలిన్ మీడ్స్ 1970లో దక్షిణాఫ్రికా పర్యటనలో చెయ్యి విరిగినా ఆట ఆపలేదు. ఇంటికెళ్తే మళ్ళీ గొర్రెలూ, పొలమూ. ఇప్పటి రగ్బీ ఆటగాడు ఆంటోయిన్ డుపాంట్‌ని వారమంతా గొర్రెల వెనక తిప్పి, శనివారం మైదానంలోకి దింపండి. అప్పుడు పోల్చుదాం.

మా ఉక్కు ప్లాంటులోనూ అంతే. నేను పనిచేసిన పాత రైల్ మిల్లులో మొదట్లో 13 మీటర్ల పట్టాలే తీసేవాళ్ళం. కొత్త యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్లు. అంతమాత్రాన కొత్త కుర్రాడు మాకన్నా పదిరెట్లు పనివాడని ప్లాంటులో ఎవడూ అనడు. సాయంత్రం స్టేడియంకి వచ్చేసరికి మాత్రం అదే మనుషులకి ఆ ఇంగితం ఉండదు.

మొన్న మా పక్క క్వార్టర్ కుర్రాడితో అన్నాను: ఇప్పటి మూడు పాయింట్ల షూటర్‌ని 1983కి పంపు, ఎంత దూరం నుంచి వేసినా రెండే వస్తాయి.

"అయితే రింగు కిందకెళ్ళి ఆడుకుంటుంది అంకుల్" అన్నాడు.

వెళ్ళనీ. అక్కడ ఆ కాలపు పొడుగమ్మాయిలు మోచేతులు చాచుకుని ఉంటారు. ముందు వాళ్ళని దాటమను, అంజూ సంగతి తర్వాత.