పిల్లల్ని పెంచడానికి కాలేజీ దేనికి?

కాలిఫోర్నియాలో ఉంటున్న గుంటూరు సోదరి ఒకరు మాకు లేఖ వ్రాశారు. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. భర్తకు ఉద్యోగ వీసా, ఆమెకు డిపెండెంట్ వీసా. ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో శిశువికాసం, కుటుంబ అధ్యయనం చదవాలని ఆమె కోరిక. "మేము ఎనిమిది మందిని ఏ కాలేజీలో చదివి పెంచామమ్మా?" అని అత్తగారు ఫోనులో అడిగారట. ఏమని బదులివ్వాలో చెప్పమంటున్నారు.

అత్తగారి ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. ఆ ఎనిమిది మంది పెరిగిన ఇంట్లో నానమ్మ, మేనత్త, పక్కింటి ఖాలా ఉండేవారు. తల్లి చూపు మరలినా మరొకరి చూపు బిడ్డపై ఉండేది. పరాయి దేశపు అపార్టుమెంటులో పగలంతా ఒంటరిగా ఉండే తల్లికి ఆ భాగ్యం లేదు.

ఈ చదువు మొదట నేర్పేది పెంచడం కాదు, చూడటం. చాలా కాలేజీల ఆవరణలోనే ఒక శిశువిద్యాలయం ఉంటుంది. విద్యార్థిని ఓ మూలన కూర్చుని, కన్నదీ విన్నదీ మాత్రమే వ్రాయాలి. "వీడు మొండివాడు" అని వ్రాస్తే అది పరిశీలన కాదు, తీర్పు. "పాలగ్లాసును రెండుసార్లు పక్కకు నెట్టాడు, అమ్మ వెళ్లిన తలుపు వైపు చూశాడు" అని వ్రాయాలి. మొదటి వాక్యంతో బిడ్డ గురించిన ఆలోచన ఆగిపోతుంది. రెండవది చదివితే గొడవ పాల గురించి కాదని తెలుస్తుంది. పియాజే తన ముగ్గురు బిడ్డలను ఇలాగే గమనించి గ్రంథాలు వ్రాశాడు. మన ఇళ్లలో అయిదేళ్లు నిండకముందే బిడ్డకు మొద్దు, పిరికి, తుంటరి అని పేర్లు పెట్టేస్తాము. మేమూ పెట్టినవారమే.

ఇంట్లో తెలుగు, ఉర్దూ మానేయాలా అని కూడా ఆ సోదరి అడిగారు. మానవద్దు. ఇంటి భాష ఇంగ్లీషుకు అడ్డం కాదని, దానికి పునాది అవుతుందని ఆ తరగతులలోనే చెబుతారు. ఇక బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ సిద్ధాంతం: బిడ్డ చుట్టూ ఇల్లు, బడి, తండ్రి పనిచేసే చోటు, దేశపు చట్టాలు వలయాలుగా ఉంటాయంటాడు. తండ్రి రాత్రి డ్యూటీ ప్రభావం బిడ్డ ఉదయపు అల్పాహారం దాకా వస్తుందన్నమాట. 1965లో అమెరికా ప్రభుత్వం పేద పిల్లల కోసం ప్రారంభించిన 'హెడ్ స్టార్ట్' రూపకర్తలలో ఆయన ఒకరు.

ఆ పాఠ్యపుస్తకాలు చెప్పేదంతా మనకు సరిపోదు. పసిబిడ్డను వేరే గదిలో పడుకోబెట్టాలన్న అక్కడి అలవాటు మాకు రుచించదు. బిడ్డను కొట్టరాదన్న మాటలో మాత్రం మేము పూర్తిగా వారి పక్షమే. పైగా, అక్కడి శిశువిద్యాలయాలలో పనిచేసేవారు ఏ బిడ్డపైనైనా హింస జరుగుతోందని అనుమానం కలిగితే అధికారులకు తెలపాలని చట్టం.

డబ్బు సంగతి. రాష్ట్ర నివాసిగా గుర్తింపు ఉన్నవారికి యూనిట్‌కు 46 డాలర్లు. లేనివారికి దానికి ఎన్నో రెట్లు. కనుక చేరేముందే కాలేజీ ప్రవేశాల కార్యాలయంలో అడగాలి. డిపెండెంట్ వీసాపై చదవవచ్చు, కానీ పని అనుమతి లేకుండా జీతానికి పనిచేయరాదు. ఈ విషయాలలో 12 యూనిట్లు, వాటికి తోడు కొంత పని అనుభవం ఉంటే సహ ఉపాధ్యాయురాలి పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

అత్తగారికి మా మనవి ఒకటి. ఆ ఎనిమిది మందిలో ఎవరికి ముందు మాటలొచ్చాయో, ఎవరు చీకటికి భయపడేవారో, ఎవరు ఎవరి ఒడిలో నిద్రపోయేవారో కోడలికి ఫోనులో చెప్పండి. ఆమె నోటుబుక్కులో వ్రాసుకుంటుంది.